గడ్డకట్టే చలిలో పాత ట్రక్కు స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి

మిన్నియాపొలిస్, ఫార్గో, విన్నిపెగ్, ఎడ్మంటన్ లాంటి ఊళ్లలో ఉంటూ, మంచులో పనికొస్తుందని పాత పికప్ ట్రక్కు ఒకటి కొనుక్కున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అక్కడ జనవరిలో మైనస్ 30 సెల్సియస్ పెద్ద వింతేమీ కాదు. 2019 జనవరి 30న మిన్నియాపొలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 33 సెల్సియస్ నమోదైంది. అదే మిన్నెసోటా రాష్ట్రంలో ఇంకా పైన, టవర్ అనే ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారన్‌హీట్ దాకా పడిపోయింది. ఆదిలాబాద్ చలిలో బండి నడిపిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

చలి కొత్త జబ్బు తెచ్చిపెట్టడం అరుదు. అక్టోబరులోనే ఉన్న లోపాన్ని జనవరిలో బయటపెడుతుంది, అంతే. సగం చచ్చిన బ్యాటరీ, చిలుము పట్టిన కేబుల్, నీరసించిన ఫ్యూయల్ పంపు ఇవన్నీ వేసవిలో ఎలాగో నెట్టుకొస్తాయి. అందుకని "చలి కదా, అంతే" అని వదిలేయొద్దు. అలాగని టెన్షన్ పడి ఆన్‌లైన్‌లో కొత్త స్టార్టర్ (ఇంజిన్‌ను తిప్పి లేపే మోటారు) ఆర్డర్ పెట్టేయనూ వద్దు. ముందు వినాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాతే కొనాలి.

ఉదాహరణకు 1990ల చివర్లో వచ్చిన 5.7 లీటర్ల వోర్టెక్ అనే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న షెవర్లే పికప్‌ను తీసుకుంటున్నాను. ఇప్పటికీ రోడ్ల మీద కనిపించే బండి. ఫోర్డ్ ఎఫ్-150 అయినా డాడ్జ్ రామ్ అయినా పెట్రోలు బండైతే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి. డీజిల్ సంగతి చివర్లో విడిగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు

చేతులకు గ్లవ్స్ లేకుండా పానా పట్టుకోవద్దు. మైనస్ 30లో ఇనుము తగిలితే చర్మం అతుక్కుపోతుంది. గాలి కూడా వీస్తుంటే బయటపడ్డ చర్మం నిమిషాల్లోనే దెబ్బతింటుంది. పావుగంట పని చేయడం, ఇంట్లోకెళ్లి వెచ్చబడటం, మళ్లీ రావడం. తొందరపడితే లాభం లేదు.

బండి గరాజ్‌లో ఉంటే, స్టార్ట్ చేసి చూడబోయే ముందే తలుపు పూర్తిగా ఎత్తండి. ఆరుబయట ఉంటే వెనక సైలెన్సర్ గొట్టానికి మంచు అడ్డుపడిందేమో చూసి పారతో తీసేయండి. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గేరు పార్క్‌లో పెట్టి, చక్రం కింద ఒక చెక్క దిమ్మ పెట్టండి. తడిసిన హ్యాండ్ బ్రేక్ కేబుల్ గడ్డకట్టిందంటే వేసిన బ్రేక్ మళ్లీ విడవదు, కాబట్టి దాన్ని నమ్ముకోకండి.

తాళం తిప్పి వినండి

హీటర్ ఫ్యాను, లైట్లు, రేడియో అన్నీ ఆపేయండి. తాళం ఆన్ దాకా తిప్పి అక్కడే ఆపండి. వెనక ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్ల పాటు సన్నటి "గుయ్" శబ్దం రావాలి. అది ఫ్యూయల్ పంపు. వచ్చిందో లేదో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి.

డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదా? బ్యాటరీ పూర్తిగా డౌన్ అయినా అయ్యుండాలి, టర్మినల్ ఊడైనా ఉండాలి. లైట్లు వెలిగి, సెల్ఫ్ కొట్టగానే మసకబారి "టకటకటక" మని కొట్టుకుంటే కరెంటు చాలట్లేదని అర్థం. బ్యాటరీ లేదా దాని కేబుళ్లు చూడాలి. ఒక్కసారి "టక్" మని గట్టిగా మోగి ఊరుకుంటే సాలినాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్చి) లాగింది కానీ మోటారు తిరగలేదు. స్టార్టర్ మీద అనుమానపడొచ్చు, కానీ దానికంటే ముందు కేబుళ్ల మీద పడాలి.

లైట్లు ధగధగా వెలుగుతూ, టక్ అని కూడా అనకపోతే బ్యాటరీని వదిలేయండి. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి మళ్లీ కొట్టండి. అప్పుడు తిరిగితే, గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే సెల్ఫ్ కొట్టనిచ్చే పార్క్-న్యూట్రల్ స్విచ్చి సరిగా లేనట్టు. అప్పటికీ తిరగకపోతే స్టార్టర్ ఫ్యూజు, రిలే, ఇగ్నిషన్ స్విచ్చి వరసగా చూడాలి.

ఇంజిన్ నిదానంగా, బరువుగా మూలుగుతూ తిరుగుతుంటే బ్యాటరీ నీరసం, ఆయిల్ చిక్కదనం రెండూ కలిశాయి. మామూలు వేగంతో తిరుగుతూ అంటుకోకపోతే అసలు కథే వేరు. అప్పుడు బ్యాటరీ గొడవ దాటేసి కింద పెట్రోలు, స్పార్క్ దగ్గరికి వెళ్లిపోండి.

ఏది ఎలా ఉన్నా సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. బయట ఎంత చలి ఉన్నా స్టార్టర్ మోటారు లోపల మాత్రం వేడెక్కి కాలిపోతుంది.

బ్యాటరీ

చలి రోజుల్లో ఎక్కువ బండ్లు ఆగేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. మైనస్ 18 సెల్సియస్‌లో మంచి బ్యాటరీ కూడా తన బలంలో దాదాపు సగమే ఇవ్వగలదు. అదే సమయానికి చిక్కబడ్డ ఆయిల్‌లో ఇంజిన్‌ను తిప్పడానికి మామూలు కంటే చాలా ఎక్కువ బలం కావాలి. ఇంట్లో సరుకు సగమైన రోజే చుట్టాలు రెట్టింపు వచ్చినట్టు.

మల్టీమీటర్ పెట్టి చూడండి. ఏ లైటూ వెలగకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు అడుగంటినట్టే. అయితే వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. పక్కన ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, అప్పుడు మీటరు చూడండి. 9.6 వోల్టులకు తగ్గకపోతే మేలు. మైనస్ 25, 30లలో 9 దాకా పడినా క్షమించొచ్చు. ఏడుకో ఆరుకో జారిపోతే దాని పని అయిపోయింది.

కొత్తది కొనేటప్పుడు పైన రాసి ఉండే సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకె చూడండి. మైనస్ 18 సెల్సియస్‌లో 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే పడిపోకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. వీ8 ఇంజిన్ ఉన్న ట్రక్కుకు ఇక్కడి చలిలో 700కు తక్కువది నేనైతే తీసుకోను. బ్యాటరీ తయారైన నెల, సంవత్సరం స్టిక్కర్ మీద ఉంటాయి. ఐదేళ్లు దాటిందంటే చలికాలం రాకముందే మార్చేయడం మంచిది.

గడ్డకట్టిన బ్యాటరీ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. పూర్తిగా డౌన్ అయిన దాంట్లో మిగిలేది దాదాపు నీళ్లే కాబట్టి అది మైనస్ 10 లోపే గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బినా, పగులు కనిపించినా, మూత తీస్తే లోపల మంచు ఉన్నా జంప్ ఇవ్వొద్దు, ఛార్జర్ పెట్టొద్దు. అది పేలుతుంది. ఊడదీసి వెచ్చటి చోట పెట్టి పూర్తిగా కరగనివ్వండి. పగుళ్లు లేకపోతే అప్పుడు ఛార్జ్ చేసి చూడొచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

టర్మినళ్లు, కేబుళ్లు

ఈ షెవర్లే బండ్లలో టర్మినళ్లు బ్యాటరీ పక్కన ఉంటాయి, పైన కాదు. కేబుల్ చివర ఉన్న రబ్బరు తొడుగు వల్ల బయటికి అంతా శుభ్రంగా కనిపిస్తుంది. లోపల పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. 8 ఎంఎం పానాతో ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర్లో నెగటివ్. వంట సోడా నీళ్లు పోసి కడగమని చాలామంది చెబుతారు. మైనస్ 30లో ఆ నీళ్లు పోసిన చోటే గడ్డకడతాయి. ఆరుబయట వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకండి చాలు. సోడా పని ఎండ కాసిన రోజు చూసుకోవచ్చు.

చిలుము కంటికి కనిపించకపోయినా మీటరు పట్టేస్తుంది. మీటరు ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోదాన్ని స్టార్టర్ మీది లావు కేబుల్ బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. మధ్యలో అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ కేబుల్ కరెంటును తినేస్తోందన్నమాట. ఇదే పరీక్ష బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ ఇనుముకూ మధ్య కూడా చేయండి. పాత బండ్లలో రోడ్ల మీద చల్లే ఉప్పు ముందుగా తినేది ఎర్త్ వైరునే. కొత్త స్టార్టర్ వేసినా తిరగని బండి, కొత్త ఎర్త్ కేబుల్ వేయగానే తిరిగిన సందర్భాలు మెకానిక్‌లను అడిగితే బోలెడు చెబుతారు.

జంప్ ఇచ్చే పద్ధతి

1. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా ఆపి, రెండింట్లోనూ అన్నీ ఆపేయండి.
2. ఎర్ర కేబుల్ ఒక కొసను డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొసను మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించండి.
3. నల్ల కేబుల్‌ను ముందు మంచి బ్యాటరీ నెగటివ్‌కు తగిలించండి.
4. దాని రెండో కొసను ఆగిపోయిన బండి ఇంజిన్ మీద, బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇనుముకు పట్టించండి. బ్యాటరీ నెగటివ్ టర్మినల్‌కు వద్దు. అక్కడ నిప్పురవ్వ వస్తే బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.
5. మంచి బండిని స్టార్ట్ చేసి పది నిమిషాలు అలాగే ఉంచండి. అప్పుడు సెల్ఫ్ కొట్టండి.

ఐదో మెట్టులోనే అందరూ తొందరపడతారు. తగిలించగానే కొడితే కేబుళ్ల మీదే భారమంతా పడుతుంది. ఆ పది నిమిషాల్లో డౌన్ అయిన బ్యాటరీ కాస్త పుంజుకుంటుంది, కొద్దిగా వెచ్చబడుతుంది. కేబుళ్లు కూడా లావుగా ఉండాలి, 4 గేజ్ లేదా 2 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు). చవగ్గా దొరికే 10 గేజ్ కేబుళ్లు వీ8కు చాలవు. లిథియం జంప్ ప్యాక్ ఉంటే దాన్ని బండిలో వదిలేయకుండా ఇంట్లో ఉంచండి. చలిలో రాత్రంతా ఉంటే అది కూడా నీరసిస్తుంది.

స్టార్టర్

బ్యాటరీ, కేబుళ్లు రెండూ బాగున్నాయని మీటరు చెప్పాక కూడా ఒక్క "టక్" తోనే ఆగిపోతుంటే అప్పుడు స్టార్టర్. ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే ఇంకొకరు స్టార్టర్ బాడీ మీద పొడవాటి కడ్డీతో నెమ్మదిగా తట్టడం పాత చిట్కా. అరిగిన బ్రష్‌లు కదిలి ఒకసారి పట్టుకోవచ్చు. పక్క నుంచి చెయ్యి అందితేనే చేయండి, బండి కిందికి దూరొద్దు. ఈ తట్టడంతో స్టార్ట్ అయిందంటే నేరుగా ఇంటికో షెడ్డుకో పొండి, దారిలో ఎక్కడా ఆపొద్దు.

తిరుగుతోంది, అంటుకోవట్లేదు

ముందు వాసన చూడండి. పెట్రోలు ఘాటుగా వస్తుంటే ప్లగ్గులు తడిసిపోయాయి. యాక్సిలరేటర్‌ను నేల దాకా తొక్కిపట్టి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఇంజెక్షన్ ఇంజిన్లలో అలా తొక్కితే కంప్యూటర్ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది. అదే ఇంజిన్‌లో స్టార్ట్ చేసే ముందు పెడల్‌ను పదే పదే కొట్టడం దండగ. ఆ అలవాటు 1980ల నాటి కార్బ్యురేటర్ బండ్లది. వాటికి మాత్రం ఒకటి రెండుసార్లు తొక్కితేనే చోక్ పడుతుంది.

వాసనే రాకపోతే పెట్రోలు చేరట్లేదు. ఇందాక గుర్తుపెట్టుకున్న పంపు శబ్దం ఇప్పుడు పనికొస్తుంది. శబ్దం రాలేదంటే ఫ్యూజు, రిలే చూడండి. పక్కనే అదే రకం రిలే ఉంటే ఇటుదటు మార్చి చూడటం ఒక్క నిమిషం పని. అప్పటికీ రాకపోతే ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేయండి. చావుబతుకుల్లో ఉన్న పంపు ఒక్కోసారి కదులుతుంది. కదిలితే పంపు మార్చాల్సిందేనని రూఢి అయినట్టు.

శబ్దం వచ్చినంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు. ఈ వోర్టెక్ ఇంజిన్ ఈ విషయంలో మరీ మొండిది. తాళం ఆన్ చేసి పంపు తిరుగుతున్నప్పుడు సుమారు 60 నుంచి 66 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) ఉండాలి. 55 దగ్గరికి వచ్చిందంటే చలిలో లేవనంటుంది. దీనికి ముందు, 1995 దాకా వచ్చిన 5.7 లీటర్ల ఇంజిన్‌కు 9 నుంచి 13 పీఎస్‌ఐ సరిపోయేది. అందుకే పక్కింటాయన ట్రక్కు అంకె పట్టుకుని మీ బండిని అంచనా వేయొద్దు. ప్రెషర్ కొలిచే గేజ్ అద్దెకిచ్చే ఆటో పార్ట్స్ షాపులున్నాయి. గేజ్ దొరికేదాకా, తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం మూడుసార్లు చేసి, నాలుగోసారి కొట్టి చూడండి. పంపు నీరసంగా ఉంటే ఈ చిట్కాతో ప్రెషర్ కూడి అంటుకోవచ్చు.

పెట్రోలు ఈ చలికి గడ్డకట్టదు. అందులో చేరిన నీళ్లు గడ్డకడతాయి. ట్యాంకు ఖాళీగా ఉన్నకొద్దీ లోపల గాలిలోని తేమ నీళ్లుగా మారుతుంది, కాబట్టి చలికాలమంతా ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న సీసా ఒకటి ట్యాంకులో పోయడం మంచిదే, కానీ అది ముందుజాగ్రత్త. లైనులో అప్పటికే మంచు బిగిసిపోతే బండిని వెచ్చటి షెడ్డులోకి నెట్టడం తప్ప దారి లేదు.

పెట్రోలు బాగుంటే స్పార్క్ చూడాలి. ఈ ఇంజిన్‌లో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్, లోపలి రోటర్ అలవాటైన దొంగలు. క్యాప్ విప్పి లోపల తెల్లటి, పచ్చటి పొడి, సన్నటి నల్ల గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే రెండూ కలిపి మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. 1996 నుంచి వచ్చిన బండ్లకు, వాటి కంప్యూటర్‌ను చదివే చవకైన స్కానర్ పనిచేస్తుంది. రాత్రంతా నిలబడ్డ బండిలో తాళం ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్ చదవండి. బయట మైనస్ 25 ఉంటే అదీ ఆ దగ్గర్లోనే చూపించాలి. ప్లస్ 40 చూపిస్తోందంటే సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఇంజిన్ వెచ్చగా ఉందనుకుని కంప్యూటర్ తక్కువ పెట్రోలు పంపుతుంది, అందుకే అంటుకోదు.

ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే గురించి అడుగుతారు. పెట్రోలు బండిలో, గాలి గొట్టంలోకి ఒక్క సెకను మాత్రమే, పరీక్ష కోసం వాడొచ్చు. ఒకసారి అంటుకుని ఆగిపోతే స్పార్క్ ఉంది, పెట్రోలు లేదని తేలుతుంది. రోజూ దాంతోనే లేపడం ఇంజిన్‌ను కొట్టి చంపడమే.

డీజిల్ ట్రక్కులకు

డీజిల్‌లో మైనం ఉంటుంది. చలికి అది ముందు మబ్బులా తేలి, తర్వాత ఫిల్టర్‌ను మూసేస్తుంది. చలికాలంలో ఇక్కడ మామూలు నంబర్ 2 డీజిల్‌కు, చలికి తొందరగా మైనం కట్టని నంబర్ 1 కలిపి అమ్ముతారు, కాబట్టి దక్షిణాది రాష్ట్రాల్లో నింపుకుని ఉత్తరానికి వచ్చేవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. యాంటీ జెల్ మందు మబ్బు పట్టక ముందే పోయాలి. పట్టాక అది పనిచేయదు, కరిగించే మందు వేరే ఉంటుంది. ఫిల్టర్ కూడా మార్చాలి.

ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్‌లో "వెయిట్" లైటు ఆరగానే కొట్టొద్దు. బాగా చలిగా ఉన్నప్పుడు లైటు ఆరిపోయాక కూడా, సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులకు రెండు నిమిషాల దాకా కరెంటు వెళ్తుంది. ఆ వేడి వాడుకోండి. ఈ ఇంజిన్ ఇంజెక్టర్లు ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తాయి, సుమారు 500 పీఎస్‌ఐ రానిదే కదలవు. 15డబ్ల్యూ-40 ఆయిల్ బెల్లం పాకమైన రోజున ఆ ప్రెషర్ రావడం కష్టం. 5డబ్ల్యూ-40 సింథటిక్‌కు మారడం దీనికి సగం మందు. రెండు బ్యాటరీల్లో ఒకటి పోతే రెండూ కలిపి మార్చండి. గ్లో ప్లగ్గులు ఉన్న బండ్లలోనూ, గాలిని వేడిచేసే గ్రిడ్ హీటర్ ఉన్న కమిన్స్ ఇంజిన్లలోనూ స్టార్టింగ్ స్ప్రే ముట్టుకోవద్దు. గొట్టంలోనే పేలుతుంది.

స్టార్ట్ అయ్యాక

రేజ్ ఇవ్వకండి. రెండు మూడు నిమిషాలు ఆగి, నెమ్మదిగా నడపండి. మొదటి ఐదు కిలోమీటర్లు స్టీరింగ్ మూలుగుతుంది, టైర్లు రాత్రి నిలబడ్డ చోట చదునై గతుకుల్లా కొడతాయి, కంగారు లేదు. కానీ స్టార్ట్ కాగానే బెల్టు కీచుమని అరిచి పొగ వచ్చిందంటే వెంటనే ఆపేయండి. కూలెంట్ గడ్డకట్టి నీళ్ల పంపు బిగిసిపోయి ఉండొచ్చు. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే సుమారు మైనస్ 37 సెల్సియస్ దాకా ఆగుతుంది. 60 శాతం గ్లైకాల్ ఉంటే మైనస్ 50 దాకా. నీళ్లు అసలు కలపకుండా పోసేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. ఉత్త గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

కిరాణా కొట్టుకు వెళ్లి రావడానికే బండి తీస్తుంటే సెల్ఫ్‌కు పోయిన కరెంటు తిరిగి నిండదు. వారానికోసారి రాత్రిపూట ఛార్జర్ పెట్టండి.

ఆయిల్, బ్లాక్ హీటర్

ఆయిల్ డబ్బా మీద డబ్ల్యూకు ముందున్న అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూను మైనస్ 20లో, 10డబ్ల్యూను మైనస్ 25లో, 5డబ్ల్యూను మైనస్ 30లో, 0డబ్ల్యూను మైనస్ 35లో ఇంజిన్‌ను తిప్పనిస్తుందో లేదో పరీక్షిస్తారు. మీ ఊరి చలి బట్టి ఎంచుకోండి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ నమ్మేది బ్లాక్ హీటర్‌ను. ఇంజిన్‌లోని కూలెంట్‌ను కరెంటుతో వేడిచేసే చిన్న హీటరది. ముందు గ్రిల్ దగ్గర ప్లగ్ వేలాడుతుంటే మీ బండికి అది ఉన్నట్టే. ఎడ్మంటన్ పార్కింగ్ స్థలాల్లో స్తంభాలకు సాకెట్లు ఉండేది దీనికోసమే. పాత బండ్లలో చాలాసార్లు ప్లగ్ ఉంటుంది, హీటర్ కాలిపోయి ఉంటుంది. ప్లగ్ రెండు కాళ్ల మధ్య ఓమ్స్ కొలవండి. 120 వోల్టుల మీద 400 వాట్ల హీటర్‌కు సుమారు 36 ఓమ్స్, 600 వాట్లకు 24, 1000 వాట్లకు 14 ఉంటాయి. మీటరు ఏమీ చూపించకపోతే ముందు తీగ మార్చి చూడండి, ఎక్కువసార్లు తెగేది ప్లగ్ మొదట్లోనే.

రాత్రంతా పెట్టనక్కర్లేదు. ఏడింటికి బయల్దేరాలంటే టైమర్‌తో మూడింటికి ఆన్ అయ్యేలా పెట్టండి. ఎక్స్‌టెన్షన్ తీగ ఆరుబయట వాడకానికి చేసినదై, 14 లేదా 12 గేజ్ ఉండాలి. ఇంట్లో దీపాలకు వాడే సన్న తీగ వేడెక్కి కరిగిపోతుంది. తీగను డ్రైవర్ వైపు అద్దం మీదుగా తిప్పి కట్టండి, లేకపోతే పొద్దున్న హడావుడిలో ప్లగ్ పీకకుండానే బయల్దేరతారు.